పోర్టోలో వైన్ చవక, రొట్టె ప్రియం

నెల్లూరు నుంచి పోర్చుగల్ వైపు వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట: హోటల్లో కూర్చోగానే అడగకుండా తెచ్చిపెట్టే రొట్టె జోలికి పోకండి.

మేం నలుగురం: నేను, మా ఆవిడ, అక్క, బావ. పోర్టోలో గది అద్దె రాత్రికి 92 యూరోలు, దానిమీద తలకు 3 యూరోల నగర పన్ను. శుభ్రంగా ఉంది. పొద్దున సావ్ బెంటో రైల్వే స్టేషన్ చూశాం. గోడల మీద దాదాపు 20,000 నీలి పలకలు, చూడటానికి పైసా ఖర్చు లేదు. తర్వాత 1886 నాటి దోమ్ లూయిస్ ఇనుప వంతెన. పై అంతస్తులో మెట్రో రైలు మన పక్కనుంచే పోతుంది. అది వచ్చినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకుంది.

వంతెన దాటి అవతలి ఒడ్డునున్న గాయా ఊరి వైపు దిగి, నది ఒడ్డున భోజనానికి కూర్చున్నాం. మన మెస్సులో పప్పు, పొడి, నెయ్యి వచ్చినట్టు రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు, జున్ను (చీజ్) ముక్కలు వరసగా వచ్చాయి. "మర్యాద తెలిసినవాళ్లురా!" అని బావ మురిసిపోయాడు. బిల్లు 86.50 యూరోలు. అందులో రొట్టెకు తలకు 2.50, ఆలివ్‌లకు 3, జున్నుకు 8.50! అడిగితే వెయిటర్ మెనూ చివరి పేజీ అడుగున చీమతలంత అక్షరాలు చూపించాడు. అడగకుండా పెట్టి, మనం ముట్టని పదార్థానికి డబ్బు తీసుకోకూడదని ఆ దేశ చట్టమే చెబుతోంది. ఆలివ్ గిన్నె కదిలించలేదని బావ ఎత్తి చూపిస్తే, మొహం మాడ్చుకుని బిల్లులోంచి 3 యూరోలు తీసేశాడు. మిగిలినవి కట్టాం. యూరోకు నూరు రూపాయలనుకున్నా, రొట్టెకూ జున్నుకూ పద్దెనిమిది వందలు పైమాటే. చేప బాగుందో లేదో ఎవరికీ గుర్తులేదు.

ఆ చేదు వదిలించింది పక్క వీధిలోని పాత పోర్ట్ వైన్ గోదాము. తలకు 18 యూరోలు, గంటసేపు తిప్పి మూడు గ్లాసులు రుచి చూపిస్తారు. అక్క తాగదని చెప్పగానే సగం ధర చేసి ద్రాక్షరసం ఇచ్చారు. ద్రాక్ష పండేది ఇక్కడ కాదు, డోరో నది ఎగువన ఎండ మాడ్చేసే కొండల్లో. సముద్రం దగ్గరి చల్లదనం కోసం వైన్‌ను కిందికి తెచ్చి ఇక్కడ నిలవ పెట్టేవాళ్లు. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారాయి కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, ఘాటు 20 శాతం దాకా ఉంటుంది. గైడమ్మాయి తెల్ల కాగితం మీద రెండు గ్లాసులు వంచి పట్టుకుంది. ఒకటి రూబీ, ఇంకోటి టానీ అనే రకం. రూబీ ముదురు ఎరుపు. ఏళ్ల తరబడి చిన్న పీపాల్లో ఉన్న టానీలో ఎరుపు విరిగి, అంచు గోధుమరంగుకు తిరిగింది. వాసనకే ఎండుద్రాక్ష, వేయించిన బాదం తగిలాయి. నన్నడిగితే రూబీ వదిలేసి ఆ డబ్బు టానీకి పెట్టండి. గుక్క గుక్కగా తాగండి, మూడో గ్లాసుకు మెట్లు కదులుతాయి.

ఆరు వంతెనల పడవ షికారు అనవసరం. ఒడ్డున నడిస్తే అదే నది ఉచితంగా కనిపిస్తుంది.

పదేళ్ల టానీ సీసా 24 యూరోలు. మన దేశంలోకి పన్ను లేకుండా తలకు రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చని తెలియగానే బావకు హుషారొచ్చింది. చుక్క ముట్టని అక్క వాటా కూడా లెక్కేసి నాలుగు సీసాలు కొన్నాడు.