అబ్రహం క్రైన్సెన్: వెనక డెక్కు నుంచి చూడాల్సిన ఓడ

నెదర్లాండ్స్‌లో ఉన్న మనవాళ్ళకి వీకెండ్ అంటే ట్యులిప్ తోటలు, గాలిమరలు, మహా అయితే బెల్జియం. ఈసారి ఒక శనివారం డెన్ హెల్డర్ వెళ్ళి రండి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డైరెక్ట్ ట్రైన్ ఉంది, గంటంపావు పడుతుంది. పాత నేవీ డాక్‌యార్డులోనే నేవీ మ్యూజియం, మ్యూజియంకార్ట్ (అక్కడి మ్యూజియంలకు వాడే కార్డు) చెల్లుతుంది. వచ్చినవాళ్ళు ఎక్కువమంది నేరుగా టోనైన్ సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్ళిపోతారు. అదీ బాగుంటుంది కానీ వైజాగ్‌లో కుర్సురా ఎక్కినవాళ్ళకి అక్కడ కొత్తగా అనిపించేది తక్కువ. నేను చెప్పేది ఇంకో ఓడ గురించి, పేరు అబ్రహం క్రైన్సెన్, సముద్రంలో ఓడల్ని పేల్చడానికి శత్రువులు పెట్టే బాంబుల్ని, అంటే మైన్లని, ఏరే మైన్ స్వీపర్.

1936లో స్కీడామ్‌లోని గస్టో యార్డులో నీళ్ళలోకి దిగింది, మరుసటి ఏడాది డచ్ నేవీలో చేరింది. పొడవు 56 మీటర్లు, వెడల్పు ఎనిమిది మీటర్లకు కాస్త తక్కువ, 525 టన్నులు, సుమారు 45 మంది సిబ్బంది. ఇవన్నీ ఒక ఎత్తు, నాకు బాగా నచ్చిన అంకె ఇంకొకటి ఉంది: ఇది నీళ్ళలోకి దిగే లోతు 2.2 మీటర్లే. లంగరేసిన పాతకాలపు మైను పైకి కనబడదు, నీటిమట్టానికి కొన్ని మీటర్ల కింద తన తాడుకు కట్టుబడి నిలిచి ఉంటుంది. వరసలో మొదట వెళ్ళే స్వీపర్‌కి ముందుగా దారి శుభ్రం చేసిపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, మైన్ల మీదుగానే పోవాలి, కాబట్టి ఓడ అడుగుభాగం ఎంత పైన ఉంటే ప్రాణాలకు అంత భరోసా. ఓడ డిజైన్ అంతా ఈ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతుంది.

అందరూ ముందున్న ఫిరంగి దగ్గర నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోతారు. మీరు వెనక్కి వెళ్ళండి. ముందు భాగం ఎత్తుగా ఉండి వెనక డెక్కు నీటికి దగ్గరగా ఎందుకుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. అసలు పని జరిగేది అక్కడే. అక్కడి నుంచి పొడవాటి ఉక్కు తాడు నీళ్ళలోకి వదులుతారు. దాని చివర ఆటర్ అని ఒక బరువైన చట్రం, ఏటవాలుగా పలకలు బిగించి ఉంటాయి. ఓడ లాగుతుంటే నీటి ఒత్తిడికి అది పక్కకి జరుగుతూ తాడును బయటికి లాగుతుంది, దారం పట్టి పరిగెత్తితే గాలిపటం లేచినట్టే, కాకపోతే ఇది పైకి కాకుండా పక్కకి. అది మునిగిపోకుండా పైన ఒక తేలే పీపా, ఓడకి దగ్గర తాడు పైకి లేవకుండా కిందికి నొక్కిపెట్టడానికి ఇంకో చట్రం. మైను తాడు ఈ ఉక్కు తాడుకి తగిలి, దాని వెంబడే జారి, చివర్లో కత్తెరలో పడి తెగుతుంది. మైను పైకి తేలుతుంది, అప్పుడు తుపాకులతో కాల్చి ముంచడమో పేల్చడమో. వెనక వచ్చే స్వీపర్ ఆ శుభ్రమైన దారిలో నడుస్తుంది.

ఇంత సరంజామా లాగాలంటే ఇంజిన్‌కి పరుగు కన్నా బలం ముఖ్యం. తాడు ఒక పక్కనే లాగుతుంటే ఓడ వంకర పోతుంది, నిలబెట్టడానికి రెండు ప్రొపెల్లర్లు ఉపయోగపడతాయి. ఇందులో రెండు ఆవిరి ఇంజిన్లు, గరిష్ఠ వేగం 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు. వెనకంతా స్వీపింగ్ సామానుకే పోయింది కాబట్టి ఫిరంగి ముందుకి వెళ్ళింది. 3 అంగుళాల ఫిరంగి ఒకటి, 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ తుపాకులు రెండు, సబ్‌మెరైన్ల మీద నీళ్ళలోకి వదిలే డెప్త్ ఛార్జ్ బాంబులు కొన్ని, అంతే. ఇంత చిన్న ఓడ మీద ఇంకా పెద్ద ఫిరంగి పెట్టి ఉండాల్సిందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. పైన బరువు పెంచితే ఓడ ఊగుతుంది, లోతు పెరుగుతుంది, అప్పుడు మైన్లు ఏరే పనికే దెబ్బ.

అయితే అసలు పరీక్ష మైన్లతో రాలేదు. 1942 ఫిబ్రవరి చివర జావా సముద్రంలో మిత్రపక్షాలు జపాన్ చేతిలో ఓడిపోయాక, అప్పటి డచ్ వలస ఇండోనేషియాలోని సురబయాలో ఉన్న ఈ ఓడకి ఆస్ట్రేలియా వెళ్ళిపొమ్మని ఆదేశం వచ్చింది. దీని తోబుట్టువు, అంటే ఇదే నమూనాలో కట్టిన ఓడ, యాన్ వాన్ ఆమ్‌స్టెల్‌ని మార్చి 8న జపాన్ యుద్ధనౌక (డిస్ట్రాయర్) అరషియో ముంచేసింది, దానికి 35 నాట్ల వేగం, ఆరు 127 మిల్లీమీటర్ల ఫిరంగులు. ఇంకో రెండు తోబుట్టువులను శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్ళే ముంచుకున్నారు. క్రైన్సెన్ సిబ్బంది మాత్రం దీవుల్లో చెట్లు నరికి కొమ్మలతో ఓడంతా కప్పేశారు, కనిపించే ఉక్కుకి బండరాళ్ళలా రంగు వేశారు. పగలంతా ఒడ్డు పక్కన లంగరేసి కదలకుండా ఉండడం, చీకటి పడ్డాక ప్రయాణం. మార్చి 20న పశ్చిమ ఆస్ట్రేలియాలో జెరాల్డ్‌టన్ చేరింది. కొమ్మల సంగతి అందరూ చెబుతారు. నేను మాత్రం ఆ 2.2 మీటర్ల గురించే చెబుతాను. ఇంత చిన్నది, ఇంత తక్కువ లోతుది కాబట్టే దీవుల పక్కన అంత దగ్గరగా నక్కగలిగింది.

లోపాలు లేవని కాదు. ఆస్ట్రేలియా నేవీ దీన్ని తీసుకుని సబ్‌మెరైన్లని పసిగట్టే ఆస్డిక్ బిగించి గుంపుగా వెళ్ళే రవాణా ఓడలకు (కాన్వాయ్‌లకు) కాపలా పెట్టింది. 1943 జనవరిలో ఆస్డిక్‌లో సబ్‌మెరైన్ జాడ కనిపించిందని కంగారుగా డెప్త్ ఛార్జీలు వదిలితే ఆ దెబ్బ సొంత ఓడకే తగిలింది, పైపులూ ఫిట్టింగులూ విరిగాయి, ఓడ అడుగున ఉండే కీల్ పలకల రివెట్లు మార్చాల్సి వచ్చింది. డెప్త్ ఛార్జ్ వేసిన ఓడ పేలేలోపు దూరంగా పోవాలి, 15 నాట్లంటే అక్కడ వెసులుబాటు చాలా తక్కువ. ఒక పనికి కట్టిన ఓడకి ఇంకో పని ఆయుధం తగిలిస్తే ఇలాంటి ఇబ్బందులు తప్పవు.

రెండో లోపం ఇంకా పెద్దది, ఒళ్ళంతా ఉక్కు. 1939 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని షూబరీనెస్ దగ్గర బురదలో జర్మన్ అయస్కాంత మైను దొరికి, దాన్ని విప్పి చూశాక, ఓడ ఉక్కే మైనుని పేలుస్తుందని తేలిపోయింది. అందుకే యుద్ధం తర్వాత బ్రిటన్ కట్టిన టన్ తరగతి స్వీపర్లకు అల్యూమినియం చట్రం మీద మహాగని చెక్క బిగించారు. ఆ తరగతి ఓడలు నాలుగు 1950ల్లో మన నేవీకి వచ్చాయి, అందులో ఒకదానికి కాకినాడ పేరే పెట్టారు. ఆ పేరుతోనే తర్వాత సోవియట్‌లో కట్టిన ఇంకో స్వీపర్ వచ్చి 2017 దాకా పనిచేసింది. తూర్పు తీరం వాళ్ళకి ఈ ఓడ పరాయిది కాదని నేననేది అందుకే.

పిల్లల్ని తీసుకెళ్తే జాగ్రత్త, ఓడల్లో మెట్లు నిటారుగా ఉంటాయి, షూ వేసుకోండి, గాలి విపరీతం కాబట్టి జాకెట్ కూడా. డచ్ సిబ్బందిని ఇంగ్లీషులో అడిగినా ఓపిగ్గా చెబుతారు. పాత ఓడలకి మరమ్మతులు వస్తూనే ఉంటాయి, కాబట్టి ఆ రోజు పైకి ఎక్కనిస్తారో లేదో ముందే చూసుకుని టికెట్ తీసుకోండి.