రెండు వేల బిళ్ళల్లో మా నాన్న

మా నాన్న బీరువాలో ఇప్పటికే పదకొండు శాలువాలున్నాయి. సహస్ర చంద్ర దర్శనానికి పన్నెండోది ఎందుకని, విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపులో రంగు చాక్లెట్ బిళ్ళలతో ఆయన బొమ్మ చేయించాను. షాపు పేరు రాయను. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

అడ్డం 40, నిలువు 50, మొత్తం 2000 బిళ్ళలు. బిళ్ళ గ్రాముకి అటూ ఇటూ, అంటే గోడకి రెండు కిలోల చాక్లెట్ వేలాడుతుందన్నమాట. 3,500 రూపాయలు, అడ్వాన్సు 1,000. వారం అన్నారు, పది రోజులు చేశారు. ఫంక్షన్ ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. నా బీపీ సంగతి చెప్పక్కర్లేదు.

నాన్న జూట్ మిల్లులో చేసేటప్పటి గుర్తింపు కార్డు ఫోటో ఇచ్చాను, గుబురు మీసం ఉన్నది. కంప్యూటర్ దగ్గర కుర్రాడు దాన్ని గళ్ళు చేసి చూపిస్తే చెంప కింద నీలం, మెడ దగ్గర ఆకుపచ్చ!

"బాబూ, మా నాన్నేటి కృష్ణుడి వేషం కట్టాడా?" అన్నాను.

"ఒంటి రంగు బిళ్ళలు దొరకవాంటీ. రంగు చూడకండి, ఎంత ముదురో ఎంత లేతో చూడండి. నీడ పడ్డచోట నీలం, వెలుగున్నచోట పసుపు. బుగ్గల మీద నారింజ, గోధుమ ఒకటి విడిచి ఒకటి పెడతాను, దూరాన్నించి కలిసిపోతాయి" అన్నాడు.

పని తెలిసినోడే. అరగంట కూర్చుని చూశాను. పెచ్చు లేచిన బిళ్ళ కనిపిస్తే పక్కన పడేస్తున్నాడు. నల్ల బిళ్ళ లేదు కదా, కంటిపాప ఎలా పెడతాడా అనుకున్నాను. రెండు గోధుమ బిళ్ళలు పట్టకారుతో పెట్టి, పక్కన ఒక్క పసుపు బిళ్ళ దించాడు. చూపు వచ్చేసింది.

ముడతలూ అవీ మాత్రం ఆశించకండి. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఆయన మొట్టమొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కించిన ఫోటో, తన మూణ్ణెల్ల కొడుకుది, దానికే 176 అడ్డం 176 నిలువు చుక్కలట, మా అబ్బాయి చెప్పాడు. అంటే దగ్గర దగ్గర 31 వేలు. మనవి రెండు వేలు.

మా హాలు ఎనిమిదడుగులు. అక్కడ పెడితే "ఇదేటే, పంచగా మిగిలిన బిళ్ళలు అంటించేసేవా?" అంది అమ్మ. ఎంత దూరాన్నించి చూడాలో షాపులో ఒక్క ముక్క చెప్పలేదు. వచ్చినవాళ్ళందరూ మొహమాటానికి బాగుందన్నారు. నాన్న ఒక్కరే, తుడుచుకుందామని కళ్ళజోడు తీసి, అటు చూసి ఆగిపోయారు. "మా పెద్దన్నయ్యలాగున్నాడమ్మా" అన్నారు. పెదనాన్న పోయి ఇరవయ్యేళ్ళు. జోడు పెట్టుకుంటే మళ్ళీ బిళ్ళలే కనిపిస్తున్నాయట. మేమూ కళ్ళు సగం మూసి చూశాం. నిజమే, మనిషి వచ్చాడు.

ఇక అసలు గొడవ. అంటించింది నీళ్ళు కలిసే తెల్ల జిగురుతో. బిళ్ళ పైపెంకు పంచదార, దానికి తడి తగిలితే ఊరుకుంటుందా? శ్రావణం ముసురు పట్టిన అయిదో రోజుకి కింది రెండు వరసల్లో ఎరుపు కారి పసుపులోకి దిగింది, నాన్న చొక్కా కిళ్ళీ ఉమ్మినట్టయింది. వెనకే చీమలు. తీసుకెళ్తే "వర్షాలు కదండీ" అన్నారు ఓనరుగారు. వర్షాలు ఆర్డరు తీసుకున్నరోజూ ఉన్నాయి! మళ్ళీ అంటించడానికి 300 పుచ్చుకున్నారు.

కుర్రాడి చేతికి అయిదు నక్షత్రాలు, షాపుకి రెండు. బొమ్మ ఇప్పుడు వరండాలో ఉంది, చుట్టూ చీమల సుద్ద గీత. వచ్చినవాళ్ళని గేటు దగ్గరే ఆపి చూపిస్తున్నాం. మీరు చేయించుకుంటే సంక్రాంతి రోజుల్లో చేయించుకోండి, రెండువైపులా అంటుకునే టేపుతోనే అని బిల్లు మీద రాయించండి. మిగిలిన బిళ్ళలు కూడా అడిగి పట్టుకెళ్ళండి. మాకు ఇవ్వలేదు.