బొమ్మల ప్రింట్లు: ఇంట్లో ఇంక్‌జెట్టా, ప్రెస్సులో ఆఫ్‌సెట్టా?

వేయిస్తంభాల గుడి, కాకతీయ తోరణం బొమ్మలు గీసి కార్డులుగా అమ్మేవాళ్లకు ఈ తికమక తప్పదు.

ఖర్చు: ఇంక్‌జెట్‌లో పది తీసినా, వంద తీసినా కార్డుకు పడేది దాదాపు అంతే. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్ల (అచ్చు రేకుల) ఖర్చు ముందే పడుతుంది. వెయ్యి దాకా కొట్టిస్తేనే గిట్టుబాటు.

శ్రమ: ఇంక్‌జెట్‌ను వాడకుండా వదిలేస్తే ఇంకు చిమ్మే హెడ్ ఎండి గీతలొస్తాయి. వారానికో రంగుల పేజీ తీయండి. ప్రెస్సుకైతే ఫైలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే (ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల రంగులు), చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోత గీత దాటి అదనంగా ఉంచే బొమ్మ) ఉండాలి.

రిస్కు: అసలు చిక్కు ఇక్కడే. బతుకమ్మలో గునుగు పూలకు అద్దే ఆ గులాబీ రంగు స్క్రీన్ మీద మెరుస్తుంది, సీఎంవైకేలో చప్పబడుతుంది. ప్రూఫ్ (ముందుగా తీసే నమూనా ప్రింటు) చూడకుండా సరే అన్నారా, వెయ్యి కార్డులూ అట్లనే వస్తాయి. ఇంక్‌జెట్‌లో డై ఇంకు (రంగు కరిగి ఉండేది) ఎండకు వెలుస్తుంది, తడి తగిలితే పాకుతుంది. పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు పొడి కలిపినది) ఖరీదెక్కువే, అయినా అదే నయం.

కొత్త డిజైన్ అమ్ముడుపోతుందో లేదో చూడాలన్నా, ఫ్రేము కట్టే పెద్ద ప్రింట్లకైనా ఇంక్‌జెట్. అమ్ముడవుతుందని తేలిన ఒకే డిజైన్, మేడారం జాతర స్టాలుకు వెయ్యి దాకా కావాలంటే ఆఫ్‌సెట్. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ప్రెస్సులకు శుభలేఖలే లోకం. ఫైలు ముందే ఇచ్చేయండి.