ఒంగోలులో ఒక గానుగ దుకాణం: నూనె సరే, బిస్కెట్లు వద్దు

ఒంగోలులో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక గానుగ దుకాణంలో ఎనిమిది నెలలుగా నూనె, కొర్రలు, దంపుడు బియ్యం కొంటున్నాను. లోపాలు కూడా రాయవలసి ఉన్నందున దుకాణం పేరు ఇవ్వడం లేదు.

ముందుగా వేరుశనగ నూనె. నేను అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి కారణం అదే. గానుగ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మోటారుతో నిదానంగా తిరిగే గానుగలో కర్ర రోకలి కింద గింజలు నలుగుతుంటే, పనివాడు మధ్య మధ్య కాసిన్ని నీళ్లు చిలకరిస్తూ, అంచుకు ఎగబాకిన పిండిని లోపలికి తోస్తూ ఉంటాడు. క్రమంగా పిండి గట్టిపడి చెక్కగా మారి, నూనె కింది డబ్బాలోకి దిగుతుంది. దానిని వెంటనే అమ్మకుండా, మడ్డి అడుగుకు చేరేదాకా రెండు మూడు రోజులు ఉంచి, పైన తేరిన నూనెను మాత్రమే సీసాల్లో పోస్తారు.

లీటరు 340 రూపాయలంటే మొదట నాకూ ఎక్కువే అనిపించింది. అయితే లీటరు నూనె దిగడానికి సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి కనుక, గింజల ధర తెలిసినవారు ఈ లెక్కను కాదనలేరు. రెండు వందలకే గానుగ నూనె ఇస్తామనేవారినే అనుమానించాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావరకు హెక్సేన్ అనే ద్రావణితో నూనెను రాబట్టి, రంగు తీసి, 200 డిగ్రీలకు పైబడిన వేడిలో వాసన కూడా పోగొట్టి రిఫైన్డ్ నూనె చేస్తారు. ఇక్కడి నూనెలో గింజ వాసన అలాగే నిలుస్తుంది. కందిపొడి అన్నంలో నెయ్యికి బదులు ఒక చెంచా వేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. గారెలు వేసేటప్పుడు మాత్రం నురగ పొంగుతుంది కాబట్టి మూకుడు నిండా పోయకండి.

కొర్ర బియ్యం పాలిష్ పట్టనివే, రంగు చూస్తేనే తెలుస్తుంది. కాని తవుడు పొరలోని నూనె కారణంగా అవి త్వరగా ముక్కిపోతాయి. పోయిన వేసవిలో తెచ్చిన రెండు కిలోల సంచి విప్పగానే ముక్క వాసన కొట్టింది, పురుగూ కనిపించింది. వెనక్కి తీసుకెళ్తే, "పురుగు కూడా ముట్టని బియ్యం మనమెందుకు తినాలండీ" అని యజమానురాలు నవ్వి, వేరే సంచి ఇచ్చారు. మాట బాగుంది గాని, ముక్క వాసనకు అది జవాబు కాదు. మర పట్టిన తేదీని సంచి మీద వేయమని రెండుసార్లు అడిగాను, ఇప్పటికీ వేయడం లేదు.

నాకు బొత్తిగా నచ్చనిది గల్లాపెట్టె పక్కనున్న ప్యాకెట్ల బీరువా. "కొర్ర బిస్కెట్లు" అని పెద్ద అక్షరాలతో ఉన్న ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడగా, మొదట మైదా, తర్వాత చక్కెర, పామాయిల్, నాలుగో స్థానంలో కొర్రపిండి ఉన్నాయి. బరువు ఎక్కువైన దినుసును ముందు రాయాలన్నది నియమం కాబట్టి, అందులో కొర్ర ఏ పాటిదో అర్థమవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో వీలైనంత తగ్గించమన్నది ఇటువంటి అతిగా ప్రాసెస్ చేసిన పదార్థాలనే. గానుగ పక్కన పెట్టినంత మాత్రాన మైదా మారిపోదు కదా!

గానుగ ఉదయం పూటే ఆడుతుంది. స్టీలు క్యాను తీసుకెళ్తే లీటరుకు పది రూపాయలు తగ్గిస్తారు. కొర్రలు కిలోకు మించి కొనకండి, కొనేముందు గుప్పెడు వాసన చూడండి.