నిలబడి పనిచేసేవారికి ప్రెషర్ సాక్స్: చీరల దుకాణంలో దీర్ఘకాలం వాడిన తరువాత

విజయనగరంలోని ఒక బట్టల దుకాణంలో చీరల విభాగంలో పనిచేస్తున్నాను. ఉదయం షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి లెక్క కట్టేవరకు నిలబడి చేయవలసిన ఉద్యోగం కాబట్టి పిక్కలు లాగడం, చీలమండల దగ్గర వాపు, పడుకున్నాక కండరం పట్టేయడం మాలో చాలామందికి అలవాటైపోయాయి. వీటికోసం మోకాలి కింది వరకు వచ్చే ప్రెషర్ సాక్స్‌ను రెండేళ్ళకు పైగా వాడుతున్నాను. వాపు, బరువు విషయంలో ఇవి నిజంగా పనిచేశాయి; పాదాల నొప్పికి మాత్రం పనిచేయలేదు.

కాళ్ళలోని రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరాలు బిగుసుకుని వదులవుతూ సిరలను పిండుతూ ఉండాలి. నడిచేవారికి అడుగడుగునా జరిగే ఆ పని ఒకేచోట నిలబడేవారికి సరిగా జరగదు. పొద్దస్తమానం పొలంలో తిరిగే మా అమ్మకు లేని వాపు, చల్లని గదిలో నిలబడే నాకు రావడానికి కారణం ఇదే కావచ్చు. ఈ సాక్స్ చీలమండ దగ్గర ఎక్కువ బిగువుగా ఉండి, పైకి వెళ్ళేకొద్దీ బిగువు తగ్గేలా అల్లి ఉంటాయి. మామూలు సాక్స్ పై అంచున మాత్రమే బిగిసి పిక్క చుట్టూ గాడి పెడతాయి కనుక, బిగువైన మామూలు సాక్స్ కొనుక్కుంటే చాలునన్న మాట నమ్మవద్దు.

బిగువును పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. తరచుగా కనిపించే కొలతల ప్రకారం మొదటి తరగతి 18 నుంచి 21 వరకు, రెండవ తరగతి 23 నుంచి 32 వరకు ఉంటుంది. నేను వాడుతున్నది మొదటి తరగతి. కాళ్ళలో సిరలు ఉబ్బి బయటికి తేలినవారికి వైద్యులు రెండవ తరగతిని సూచించడం మామూలే గానీ, దానిని సొంతంగా ఎంచుకోకూడదు. ముఖ్యంగా కాళ్ళకు రక్తం తీసుకువెళ్ళే ధమనులు పూడుకున్నవారు, మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు వైద్యుణ్ణి అడగకుండా ఏ తరగతినీ తొడగకూడదు. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే అది సిరలో రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు. అప్పుడు సాక్స్ మాట వదిలి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సైజు విషయంలో మందుల షాపుల తీరు నాకు నచ్చలేదు. మనిషిని ఎగాదిగా చూసి "మీడియం సరిపోతుందమ్మా" అని పెట్టె చేతిలో పెట్టేస్తారు. వాపు ఎక్కకముందు, అంటే ఉదయం లేచిన వెంటనే, చీలమండ పైన సన్నగా ఉండే చోట, పిక్క లావుగా ఉండే చోట టేపుతో చుట్టుకొలత తీసుకుని, పెట్టె మీది పట్టికతో సరిచూసుకోవాలి. చీరల దుకాణంలో మేము చెప్పులు విడిచి గచ్చు మీద తిరుగుతాము కాబట్టి వేళ్ళు మూసిన రకం జారుతుంది. వేళ్ళ దగ్గర తెరిచి ఉండే రకమే మాకు అనువైనది. చీర కుచ్చిళ్ళ కింద ఎవరికీ కనిపించదు కూడా.

తొడగడమే పెద్ద పని. మంచం దిగకముందే, కాళ్ళు పొడిగా ఉన్నప్పుడు, అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుని లాగితే సులువుగా ఎక్కుతాయి. మే నెల ఉక్కపోతలో మాత్రం కరెంటు పోయిన పూట వీటిని భరించడం కష్టం. చెమటకు చర్మం దురద పెడుతుంది. అయినా దసరా నుంచి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే మంగళవారం వరకు, సాలూరు, బొబ్బిలి వైపు నుంచి కూడా జనం దిగే ఆ రద్దీలో, ఇవి లేకుండా నిలబడమంటే నేను ఒప్పుకోను. అంతకుముందు ఆ రోజుల్లో రాత్రికి చీలమండను వేలితో నొక్కితే గుంట పడేది. ఇప్పుడు కాళ్ళు అలిసిపోతాయి గానీ గుంట పడదు.

మడమ నొప్పికి, అరికాళ్ళ మంటకు ఫలితం ఇచ్చింది కౌంటరు వెనుక పరిచిన మందపాటి రబ్బరు చాప. ఖాళీ దొరికినప్పుడు మునివేళ్ళ మీద లేచి దిగడం పిక్కలకు మంచిదే. ఇంటికి వెళ్ళాక వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే ప్రాణం లేచివచ్చినట్లు ఉంటుంది కానీ, వేడికి రక్తనాళాలు విప్పారుతాయి కాబట్టి వాపు తగ్గలేదు. చల్లని నీళ్ళు పోసుకుని, తలగడలు పెట్టి పాదాలను గుండె కంటే ఎత్తున పావుగంట సేపు ఉంచడమే నాకు ఎక్కువ మేలు చేసింది. నువ్వుల నూనె మర్దనా హాయినిస్తుంది గానీ, నూనె ఈ సాక్స్ సాగుదలను పాడుచేస్తుంది. రాత్రి రాసుకుంటే ఉదయం సబ్బుతో కడుక్కుని తీరాలి.

ఇంతకీ, గిరాకీ లేని వేళ కూర్చోవడానికి ఒక స్టూలు ఉంటే ఈ ఖర్చులో కొంత తగ్గేది. కేరళ 2018లోనూ, తమిళనాడు 2021లోనూ దుకాణాల చట్టాలను సవరించి సిబ్బందికి ఆసనాలు తప్పనిసరి చేశాయి. మా కౌంటరు వెనుక ఇప్పటికీ స్టూలు లేదు.

ధర మామూలు సాక్స్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, పైగా రెండు జతలు ఉండాలి. రోజూ ఉతకాలి కదా. తక్కువ ఘాటు సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నీడన ఆరవేయాలి, ఎండలోనూ ఇస్త్రీ కిందా పెట్టకూడదు. రోజూ వాడితే దాదాపు ఆరు నెలలకు పట్టు సడలుతుంది. గ్లౌజులు లేకుండానే సునాయాసంగా ఎక్కుతున్నాయంటే ఆ జతను మార్చే సమయం వచ్చినట్లే.