రోడ్డు పక్క నాటుకోళ్లు: కంచె, రెక్క కత్తిరింపు, సాయంత్రం వదలడం... ఏది మేలు?

బెంగళూరు చుట్టుపక్కల హోసకోట, మాలూరు, ఆనేకల్, దేవనహళ్లి వైపు సైటు కొని ఇల్లు కట్టుకున్న మనవాళ్లలో చాలామందికి గృహప్రవేశం అయిన మరుసటి నెలే పుట్టే కోరిక, నాలుగు నాటుకోళ్లు పెంచాలని. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లకు కోళ్లు కొత్త కాదు. కొత్తదల్లా ఇంటి ముందున్న రోడ్డు. ఊళ్లో వీధిలోకి ఎప్పుడో ఒక ట్రాక్టరు వచ్చేది. ఇక్కడ లేఔటు రోడ్డు మీదే వాటర్ ట్యాంకర్లు, స్కూలు వ్యాన్లు, కంపెనీ క్యాబులు, డెలివరీ కుర్రాళ్ల బండ్లు. కోడి పోతే ఆ నష్టం మనదే అనుకోవచ్చు. దాన్ని తప్పించబోయి బైకు మీది పిల్లాడు పడితే ఎవరి ముఖం ఎలా చూస్తాం?

కోడి రోడ్డు మీదికి ఊరికే పోదు. డాంబరు అంచున పేరుకున్న మెత్తటి దుమ్ములో పొర్లడానికి పోతుంది, మేత అరగడానికి కావలసిన సన్న రాళ్లు ఏరుకోవడానికి పోతుంది, బండ్లలోంచి రాలిన గింజల కోసం పోతుంది. రాగుల నూర్పిడి కాలంలో, అంటే డిసెంబరు, జనవరి ప్రాంతంలో, ఇంకోటి తోడవుతుంది. కోలారు, హోసకోట పల్లెల్లో రాగి కంకులు రోడ్డు మీద పరిచి, వచ్చేపోయే బండ్ల చక్రాలతోనే నూర్పిడి కానిస్తారు. అలా పరిచిన చోటికి చుట్టుపక్కల కోళ్లన్నీ హాజరు. ఇక అవతలి పక్కన పెంటదిబ్బో, చింతచెట్టు నీడో, పొరుగింటివాళ్లు పారబోసే అన్నమో ఉంటే పొద్దంతా దాటుతూనే ఉంటుంది.

ఎక్కువ కోళ్లు పోయేది తీరిగ్గా దాటేటప్పుడు కాదు, బెదిరినప్పుడు. హారన్ మోగగానే కోడి దగ్గరున్న అంచుకు తప్పుకోదు. గూడు ఎటుంటే అటు, గుంపు ఎటుంటే అటు పరుగు తీస్తుంది, అది బండికి అడ్డమైనా సరే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. తోలేవాడు చూసి బ్రేకు నొక్కేలోపే 15 మీటర్లు దాటిపోవచ్చు. అందుకని 'వాళ్లు చూసుకుని తోలాలి' అనే మాట న్యాయమే అయినా దానివల్ల కోడి బతకదు.

గేటుకు 'నిధానవాగి చలిసి' (నెమ్మదిగా వెళ్లండి) అని కన్నడంలో బోర్డు తగిలించినవాళ్లున్నారు. తగిలించుకోండి, తప్పులేదు. ఆదివారం చీకటితోనే హోసకోట బిర్యానీకని బెంగళూరు నుంచి బైకుల మీద బయల్దేరే కుర్రాళ్లు దాన్ని చదువుతారని మాత్రం ఆశ పెట్టుకోకండి. వాళ్లు తిని తిరుగుముఖం పట్టే వేళకే మనం గూళ్లు తెరుస్తాం. సొంతంగా సిమెంటు దిమ్మ పోసి స్పీడ్ బ్రేకర్ కట్టడం చట్టం ఒప్పదు, రాత్రిపూట అదే ఇంకో ప్రమాదం. కావాలంటే పంచాయతీకి అర్జీ పెట్టాలి.

ఇక మన చేతిలో ఉన్నవి చూద్దాం.

మొదటి ఓటు నేను చైన్ లింక్ మెష్‌కే (ఇనుప తీగ అల్లిన కంచెకే) వేస్తాను, కానీ కట్టే తీరు సరిగా ఉంటేనే. ఎత్తు కోడిని బట్టి ఉండాలి. హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైన గిరిరాజ లాంటి బరువు జాతులకు 4 అడుగులు చాలు, వాటికి ఎగిరే ఓపిక తక్కువ. సన్నటి నాటు పెట్టలు, పుంజులు అయితే 6 అడుగులు కావాలి, అవి రాత్రికి చెట్టెక్కి పడుకునే రకం. చాలామంది మెష్ పైన అందంగా ఇనుప పైపు వేయిస్తారు. అదే చేటు. కోడి కంచెను ఒక్క ఎగురున దాటదు, ముందు పైన వాలడానికి చోటు చూసుకుంటుంది, అక్కడ కాసేపు కూర్చుని అటువైపు దిగుతుంది. పైన పట్టీ లేకుండా మెష్ అంచును వదులుగా వదిలేస్తే కాలు నిలవక ఆ ప్రయత్నమే మానుకుంటుంది. కింద రెండు అడుగుల మేర అర అంగుళం కన్నుల సన్న జాలీ అదనంగా కట్టాలి, లేకపోతే పిల్లలు జారుకుంటాయి. పిల్లలు బయట, తల్లి లోపల అయితే ఆ తల్లి చేసే గోలకు వీధంతా లేస్తుంది.

రోడ్డు వైపు మాత్రమే కంచె వేస్తే చాలదా అంటే, చాలుతుంది, రెండు చివర్లూ పెరట్లోకి పదో పదిహేనో అడుగులు మలిపితే. మలపకపోతే కోడి కంచె వెంబడే నడిచి చివరి స్తంభం చుట్టి తీరిగ్గా రోడ్డెక్కుతుంది. అసలు కన్నం మాత్రం గేటు. బెంగళూరు ఇళ్ల గేట్లకు కింద జానెడు సందు, కడ్డీల మధ్య బెత్తెడు సందు మామూలు. పెట్ట కోడికి అది రాజమార్గం. గేటుకు కూడా సన్న జాలీ కట్టాలి. పాలవాళ్లు, గ్యాసు సిలిండరు తెచ్చేవాళ్లు వెళ్తూ వెళ్తూ గేటు వేస్తారని నమ్మకం పెట్టుకునే బదులు, తనంతట మూసుకునే స్ప్రింగు బిగించుకోవడం నయం.

నైలాన్ వల చవక. ఎండకు చివికిపోతుంది, కోడి కాళ్లు చిక్కుకుంటాయి, ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతులు ఇరుక్కుని చస్తాయి. ఆకుపచ్చ షేడ్ నెట్ విడిగా గాలికి నిలవదు గానీ, మెష్ కింది మూడడుగులకు కడితే బాగా పనిచేస్తుంది. అవతల ఏముందో కనిపించకపోతే అటు పోవాలన్న యావ కోడికి తగ్గుతుంది.

రెక్క కత్తిరింపు దీనికి పోటీగా నిలిచే పద్ధతి. కత్తెర తప్ప ఖర్చు లేదు. ఒకరు కోడిని పట్టుకుంటే ఇంకొకరు ఒక్క రెక్క మాత్రమే విప్పి, చివరనున్న పది పెద్ద ఈకలను పైన కప్పి ఉన్న చిన్న ఈకల వరస దాకా కత్తిరించాలి. రెండు రెక్కలూ కత్తిరిస్తే ఫలితం అంతగా ఉండదు. ఒకవైపే తగ్గితేనే తూకం తప్పి ఎగరలేదు. "నొప్పి కదన్నా?" అని అడిగేవాళ్లుంటారు. పండిన ఈకకు మన గోరుకున్నంత ప్రాణమే. కానీ కొత్తగా వస్తున్న ఈక కాడలో రక్తం ఉంటుంది, నల్లగా నీలంగా కనిపిస్తుంది, దాన్ని కత్తిరిస్తే ధారగా కారుతుంది. అలాంటివి వదిలేయాలి. ఏడాదికోసారి ఈకలు రాలి మళ్లీ మొలుస్తాయి, మళ్లీ కత్తిరించాలి.

ఇంత సులువైనది ఉండగా మెష్ ఎందుకు? రోడ్డెక్కడానికి కోడికి రెక్కలు అవసరం లేదు కాబట్టి. కత్తిరించిన కోడి నడుస్తుంది, పరిగెడుతుంది, రెండు మూడడుగుల గోడ గెంతుతుంది. కంచె లేని చోట రెక్క కత్తిరించి ఒరిగేదేమీ లేదు. పైగా ఈ లేఔట్లలో బండ్ల తర్వాత పెద్ద గండం వీధికుక్కలు. కుక్క తరిమినప్పుడు గోడెక్కో చెట్టెక్కో తప్పించుకునే ఒక్క దారినీ మనమే మూసేసినట్టవుతుంది. అందుకే నా లెక్కలో ఇది విడిగా ఒక ఉపాయం కాదు. నాలుగడుగుల కంచె ముందే ఉండి, మందలో ఒకటో రెండో ఎగురుబోతు పెట్టలుంటే వాటి వరకు చాలు.

జీవకంచె గురించి పెద్దవాళ్లు గట్టిగా చెబుతారు. కోలారు వైపు గట్ల మీద కిత్తనార, వావిలి వరసలు ఇప్పటికీ కనిపిస్తాయి. వావిలిని పశువులు ముట్టవు కాబట్టి నిలుస్తుంది. కానీ అవి పశువుల్ని ఆపడానికి వేసినవి, కోళ్లను కాదు. మొదళ్ల దగ్గర సందు ఎప్పుడూ ఉంటుంది, కోడి వంగి దూరడంలో ఆరితేరింది. దట్టపడటానికి రెండేళ్లయినా పడుతుంది. పైగా పెట్ట ఆ గుబుర్లోనే గుడ్లు పెట్టి, మనకు తెలియకుండా పొదిగి ఒకరోజు పిల్లల్తో ప్రత్యక్షమవుతుంది (ఇది నష్టమా లాభమా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది). మెష్‌కు లోపలివైపు గోరింటో వావిలో వేస్తే నీడకు, మరుగుకు బాగుంటుంది.

కంచెకు డబ్బు లేదు, అద్దె ఇల్లు, యజమాని స్తంభాలు పాతనివ్వడు అన్నవాళ్లకు వేళ పాటించడమే దిక్కు. ఇది అనుకున్నంత తక్కువ ఉపాయం కాదు. పెట్టలు ఎక్కువగా గుడ్లు పెట్టేది పొద్దున్నుంచి మధ్యాహ్నంలోపు. అప్పటిదాకా గూట్లోనే ఉంచితే గుడ్లు గూట్లోనే దొరుకుతాయి, పొద్దుటి ఆఫీసు రద్దీ కూడా దాటిపోతుంది. పొద్దు గుంకే రెండు గంటల ముందు వదిలితే, గూడు దగ్గర్లోనే ఉందన్న ధ్యాసతో ఎక్కువ దూరం పోవు, చీకటి పడుతుండగా వాటంతటవే వచ్చి ఎక్కుతాయి. కొత్తగా తెచ్చిన కోళ్లను మాత్రం వారం పదిరోజులు గూట్లోనే కట్టడి చేసి, అది తమ ఇల్లని అలవాటు చేశాకే వదలాలి.

చిక్కు ఎక్కడంటే, సర్జాపుర, వర్తూరు వైపు సాయంత్రం అయిదు నుంచే క్యాబులు మొదలు. స్కూలు వ్యాన్లు అంతకు ముందే. కోడికి అనువైన వేళ, రోడ్డుకు అనువైన వేళ కలవవు. అలాంటి చోట వెనక తలుపు నుంచి వదిలి, మేత, నీళ్లు, బూడిద కలిపిన దుమ్ము గుంట అన్నీ ఇంటి వెనకే పెట్టాలి. దుమ్ము గుంట పెరట్లోనే దొరికితే రోడ్డు అంచుకు పోయే కారణం ఒకటి తగ్గినట్టే. పైసా ఖర్చు లేని ఈ పని, మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు చేయాల్సింది. ఎంగిలి మెతుకులు గేటు బయట పారబోసే అలవాటు కూడా అప్పుడే మానుకోవాలి.

30×40 అడుగుల సైటులో ఇల్లు కట్టగా మిగిలిన జానెడు చోటులో ఇవేవీ కుదరవు. ఆరు కోళ్లకు కనీసం అరవై చదరపు అడుగుల జాలీ ఆవరణ, పైన కూడా కప్పు ఉన్నది, కట్టుకోవడమే మేలు. అది బందిఖానా అని నొచ్చుకునేవాళ్లకు అడుగు లేని తేలికపాటి పంజరం ఉంది. పక్కనున్న ఖాళీ సైటు యజమాని సరేనంటే రోజుకో చోటికి జరుపుతూ పచ్చిగడ్డి మేపుకోవచ్చు. నడి ఎండలో మాత్రం సగం మేర గోనె కప్పాలి.

కరెంటు వల ఎకరాల్లో పెంచేవాళ్ల మాట. సోలార్ ఎనర్జైజరుతో (తీగకు క్షణకాలపు షాక్ మాత్రమే పంపే పెట్టెతో) నడిచే అసలైనది కొనే స్తోమత లేకపోతే ఆ ఊసే వద్దు. ఇంటి కరెంటు నేరుగా తీగకు కలపడం నేరం, మనుషులు పోతారు.

పిల్లల కోడికి వీటన్నిటికంటే మన పాత గంపే నయం. మొదటి మూడు నాలుగు వారాలు పగలంతా తల్లినీ పిల్లల్నీ గంప కింద ఉంచి, మనం ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం వదలాలి. వెదురు గంప దొరక్కపోతే ఇనుప తీగ గంప అయినా సరే, పైన రాయి పెట్టాలి, లేకపోతే కుక్క దొర్లించేస్తుంది.

అర ఎకరం ఉన్నవాళ్లు రోడ్డు వైపు ఆరడుగుల మెష్ వేసి మిగతా మూడు వైపులా తేలిగ్గా కానివ్వొచ్చు. చిన్న సైటువాళ్లు జాలీ ఆవరణ కట్టి, ఇంట్లో మనిషి ఉన్న సాయంత్రాల్లో కాసేపు వెనక్కి వదలొచ్చు. గూడు ఒకవైపు, మేత పొలం రోడ్డుకు అవతలవైపు ఉన్నవాళ్లకు మాత్రం పైవేవీ అక్కరకు రావు. వాళ్లు ముందు చేయాల్సింది గూటిని పొలంలోకి మార్చడం, దానికి కుక్కలు, ముంగిసలు దూరని గట్టి తలుపు పెట్టించడం.