400 ల్యూమెన్ల సైకిల్ లైటు: గుంత కనబడాలంటే నీడ కనబడాలి

సైకిల్ షాపుకెళ్ళినా ఆన్‌లైన్‌లో వెతికినా ముందుగా ఎదురయ్యేది ఈ రకమే. బొటనవేలంత లావు అల్యూమినియం గొట్టం, లోపల 18650 అనే సైజు లిథియం సెల్లు ఒకటి, యూఎస్‌బీ ఛార్జింగ్, హ్యాండిల్‌కు చుట్టే రబ్బరు పట్టీ, డబ్బా మీద 400 ల్యూమెన్లు (లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత) అన్న అంకె. ధర సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. వీధిదీపాలున్న ఊళ్ళో దీనికి వంక పెట్టక్కర్లేదు. అసలు పరీక్ష ఊరి పొలిమేర దాటాక, రోడ్డు మీద వెలుగు ఇదొక్కటే అయినప్పుడు మొదలవుతుంది.

ముందు ఎంత దూరం కనబడాలో లెక్క వేద్దాం. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి సెకనున్నర, అంటే 10 మీటర్లకు పైనే దాటిపోతాం. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 5 మీటర్లు, తడిస్తే 10. మొత్తం 15 నుంచి 20 మీటర్లు. అడ్డంకి అంతకంటే దగ్గరికొచ్చాక కనబడితే లైటు ఉండీ లేనట్టే. సరిగ్గా వంచి పెట్టుకున్న 400 ల్యూమెన్ల లైటు 25 మీటర్ల దాకా పనికొచ్చే వెలుగిస్తుంది కాబట్టి ఆ వేగానికి సరిపోతుంది. పల్లం దిగుతూ 40 అందుకుంటే చాలదు. పల్లంలో లైటును నమ్మొద్దు, బ్రేకును నమ్మండి.

కానీ వెలుగు పడినంత మాత్రాన గుంత కనబడదు. నల్లటి తారులో నల్లటి గుంతను కన్ను పట్టుకునేది నీడను బట్టే. స్పీడ్ బ్రేకరైతే మనవైపు ముఖం మీద వెలుగు పడి ముందు తెల్లటి పట్టీ, దాని వెనక నల్లటి పట్టీ కనిపిస్తాయి. గుంత దీనికి తిరగేసి ఉంటుంది: ముందు నలుపు, ఆ తర్వాత అవతలి అంచు మెరుపు. నలుపుంది గానీ మెరిసే అంచు లేదంటే అది తారుతో పూడ్చిన అతుకు, దాని మీంచి పోవచ్చు. కంకర చెల్లాచెదురుగా ఉంటే ఒక్కో రాయికీ ఒక్కో చిన్న నీడ, నువ్వులు చల్లినట్టు. అన్నిటికంటే మోసం చేసేది ఇసుక. దానికి నీడ ఉండదు. రోడ్డు గరుకుతనం ఉన్నట్టుండి మాయమై, లేత రంగులో నున్నగా కనిపించిన చోట హ్యాండిల్ తిప్పకుండా, ముందు బ్రేకు ముట్టుకోకుండా నిటారుగా దాటాలి.

అందుకే లైటు ఎంత ఎత్తులో ఉందన్నది ల్యూమెన్ల కంటే పెద్ద విషయం. 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల స్పీడ్ బ్రేకర్ ఉందనుకోండి. మీటరు ఎత్తున హ్యాండిల్ మీదున్న లైటుకు దాని నీడ 1.1 మీటర్లు. అదే లైటును ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ పైభాగాన, 70 సెంటీమీటర్ల ఎత్తున పెడితే నీడ 1.6 మీటర్లు దాటుతుంది. హెల్మెట్ మీద పెడితే నీడ సగం మీటరుకు కాస్త ఎక్కువ. పైగా లైటూ కన్నూ ఒకేచోట ఉండటంతో ఆ కాస్త నీడా గడ్డ వెనకే దాక్కుంటుంది, రోడ్డంతా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలా చదునుగా కనిపిస్తుంది. హెల్మెట్ లైటును మలుపు లోపలికి చూడటానికి, బోర్డు చదవడానికి రెండోదిగా వాడుకోండి, ఒక్కటే లైటుగా వద్దు. ఫోర్క్ మీద పెట్టాలనుకుంటే మాత్రం రబ్బరు పట్టీ పనికిరాదు. జారి చువ్వల్లో పడితే ముందు చక్రం అక్కడికక్కడే బిగుసుకుని మనిషి ఎగిరి పడతాడు. బోల్టు, నట్టుతో బిగించే ఇనుప బ్రాకెట్టే వాడాలి.

ఈ లైటు కాంతి టార్చిలా గుండ్రంగా పడుతుంది, సగం వెలుగు ఆకాశం పాలు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం చక్రం ముందు 4, 5 మీటర్లలోనే కుమ్మరిస్తుంది. అక్కడ తెల్లగా మెరిసేసరికి కంటిపాప ముడుచుకుని దూరం ఇంకా చీకటవుతుంది. ఎదురుగా వచ్చే బండివాళ్ళ కళ్ళలోనూ పడుతుంది, వాళ్ళు తిరిగి హైబీమ్ కొడతారు. జర్మనీ నిబంధనల ప్రకారం చేసిన లైట్లలో ఈ లోపం లేదు. అక్కడ ల్యూమెన్లు కాదు లెక్క. 10 మీటర్ల దూరంలో పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు, కనీసం 10 లక్స్ ఉండాలి, పైకి పోయే వెలుగుకు హద్దు ఉంటుంది. బుష్ ఉండ్ ముల్లర్ లాంటి కంపెనీల లైట్లు కారు డిప్‌లో ఉన్నప్పటిలా పైన గీత గీసినట్టు కోసేసి, మిగతా కాంతిని దగ్గర తక్కువగా, దూరం ఎక్కువగా పరుస్తాయి. రోడ్డు చదవడానికి వాటికి సాటి లేదు.

అయినా మన రోడ్ల మీద గుండ్రటి కాంతికి ఒక ఉపయోగం ఉందని ఒప్పుకోవాలి. వెనక రిఫ్లెక్టరు లేకుండా పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీ, లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, స్తంభం నుంచి జారి మెడ ఎత్తున వేలాడే కేబుల్ వైరు, ఇవన్నీ ఆ కోసిన గీతకు పైన ఉంటాయి. జర్మన్ లైటు వాటిని చూపించదు, ఈ టార్చి లైటు చూపిస్తుంది. గేదెల విషయంలోనూ అంతే. నల్లటి ఒంటి మీద వెలుగు నిలవదు, ముందు కనబడేది కళ్ళ మెరుపే.

నవంబరు, డిసెంబరుల్లోనూ మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లోనూ పల్లె రోడ్ల మీద ఇంకో గండం ఉంది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్లటి టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రైతుకు వేరే కళ్ళం ఉంటే అక్కడే పోసుకునేవాడు, అతన్ని అని లాభం లేదు. నల్ల టార్పాలిన్ ఏ లైటుకూ సులువుగా దొరకదు, దొరికేది రాళ్ళ వరస. చెదిరిన వడ్లు టైరు కింద గోళీల్లా జారతాయి. ఆ నెలల్లో రోడ్డు ఎడమ అంచు వదిలి కాస్త లోపలికి తొక్కడం, వేగం 20 దాటనివ్వకపోవడం మంచిది.

వానలో ఈ లైటే కాదు, ఏదైనా సగం గుడ్డిదే. తడి రోడ్డు అద్దంలా కాంతిని ముందుకు తోసేస్తుంది, మన కంటికి తిరిగొచ్చేది కొంచెమే. నిలిచిన నీళ్ళ కింద ఏముందో ఏ ల్యూమెనూ చెప్పదు. మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు, కాబట్టి దిగి నడిపించుకుపోవాలి.

బ్యాటరీ లెక్క డబ్బా దగ్గరే తేల్చుకోవచ్చు. సెల్లు మీద రాసిన 2600 ఎంఏహెచ్‌ను దాని వోల్టేజి 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 9.6 వాట్ అవర్లు. మంచి ఎల్‌ఈడీ వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లిస్తుంది. అంటే 400 ల్యూమెన్లకు 4 వాట్లు, రెండు గంటల పైచిలుకు. ఇదే సెల్లుతో 1000 ల్యూమెన్లు 4 గంటలు అని రాసుంటే ఆ డబ్బా అబద్ధమాడుతోంది. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, వేసవిలో ఎండకు నిలిపిన కారులో పెట్టి ఛార్జ్ చేస్తే సెల్లు త్వరగా పోతుంది. వానకు మొదట చెడేది ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత. నీళ్ళను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్ 4 అంటే చిందులకు మాత్రమే, గట్టి వానలో తొక్కేవాళ్ళు ఐపీఎక్స్ 6 చూసుకోండి. బ్రెవెట్లలో, అంటే గడువు పెట్టిన సుదూర సైకిల్ యాత్రల్లో, రాత్రంతా తొక్కే రైడర్లకు ఈ లైటు ఒక్కటే చాలదు. వాళ్ళకు రెండు లైట్లన్నా ఉండాలి, లేదంటే 6 వోల్టులు, 3 వాట్ల హబ్ డైనమో, అంటే చక్రం నడిమి ఇరుసులోనే ఇమిడి ఉండే డైనమో. పాత అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ళకు టైరు పక్కన రాసుకుంటూ తిరిగిన డైనమోకు ఇది వారసురాలే, తొక్కడం అంత బరువుగా ఉండదు.

బిగింపులో తప్పులు ఎక్కువ. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే లైటు తల వాల్చేస్తే హ్యాండిల్‌కు పాత ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి, దాని మీద పట్టీ బిగించండి. గోడకు 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టి, లైటు ఎంత ఎత్తున ఉందో గోడ మీద సుద్దతో గీయండి. వెలుగు నడిబొడ్డు ఆ గీతకు జానెడు కిందుండాలి. అప్పుడది రోడ్డు మీద 20 మీటర్ల పైన పడుతుంది.

వెనక ఎర్ర లైటు దీంతో పాటు ఉచితంగా ఇస్తారు, అదే ఈ సెట్టులో బలహీనమైనది. ఒరిగిన సీటు గొట్టానికి కట్టేసరికి చాలాసార్లు పైకో కిందకో చూస్తుంది, సంచి వేలాడితే కనబడదు. రోడ్డుకు సమాంతరంగా సూటిగా వెనక్కి చూడాలి. వేగంగా మిణికే మోడ్‌ దృష్టిని లాగుతుంది గానీ, మన సైకిల్ ఎంత దూరంలో ఉందో వెనక లారీ డ్రైవరుకు అంచనా దొరకనివ్వదు. ఒకటి నిలకడగా వెలగనిచ్చి, కావాలంటే రెండోదాన్ని మిణకనివ్వండి.

కొనేముందు షాపువాళ్ళను లోపలి చీకటి గదిలో లైటు వెలిగించనివ్వమని అడగండి. 5 మీటర్ల దూరంలో నేల మీద ఒక సుద్దముక్క పెట్టి, లైటును నడుము ఎత్తున పట్టుకుని చూడండి. సుద్దముక్క వెనక నీడ అంచు స్పష్టంగా ఉంటే తీసుకోండి. మసకగా, రెండు మూడు నీడలుగా చీలిపోతే డబ్బా మీద ఎన్ని ల్యూమెన్లున్నా తిరిగి ఇచ్చేయండి.